కొలోమానా, కొలంబియానా? గోల్డ్ రష్ ఊరికి పిల్లాడితో, పెద్దవాళ్ళతో ఒక్కరోజు ప్రయాణం

కుప్పం కోడలు

మేం ఫ్రీమాంట్‌లో ఉంటాం. మావాడు నాలుగో తరగతి, ఈ ఏడు కాలిఫోర్నియా చరిత్రలో గోల్డ్ రష్ (1848లో బంగారం బయటపడ్డాక జనం ఎగబడి రావడం) పాఠం, దాని మీద ప్రాజెక్టు ఉన్నాయి. ఏప్రిల్‌లో అత్తయ్యగారు, మామయ్యగారు కుప్పం నుంచి వస్తున్నారు. మామయ్యగారు కేజీఎఫ్ గనులు మూసేదాకా అక్కడే భూగర్భంలో పనిచేశారు కాబట్టి ఆయనకీ చూడాలని ఉంది. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, అర మైలు మించి నడవలేరు.

కొందరు కొలోమా అంటున్నారు, కొందరు కొలంబియా అంటున్నారు. పొద్దున్నే బయల్దేరి రాత్రికి ఇంటికి చేరాలి. ఏది మేలు? కొలోమాలో ఏ వరసలో చూస్తే బాగుంటుంది? నదిలో బంగారం గాలించనిస్తారట, అది నిజంగా నదిలోనేనా, లేక తొట్లో రెండు రేకులు వేసి పిల్లలకి చూపించే తంతా? ఇంట్లో అందరం శాకాహారులం, భోజనం సంగతి కూడా చెప్పండి.

---

ఫోల్సమ్ వాసి

పాఠం కోసమైతే కొలోమాయే అండి. ఊరు చూడాలనుకుంటే కొలంబియా. రెండూ ఒకే రోజు పెట్టుకోకండి. హైవే 49 మీద మ్యాపులో పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి గానీ మధ్యలో అన్నీ మలుపులే, కార్లో పిల్లాడికి వాంతులు ఖాయం.

కొలోమా పార్కు అసలు పేరు మార్షల్ గోల్డ్ డిస్కవరీ స్టేట్ హిస్టారిక్ పార్క్. ఫ్రీమాంట్ నుంచి హైవేలు 680, 80, శాక్రమెంటో దాటాక 50 ఈస్ట్. జీపీఎస్ మిమ్మల్ని ప్లేసర్‌విల్ దాకా తీసుకెళ్ళి 49 నార్త్ ఎక్కిస్తుంది, అక్కణ్ణుంచి 8 మైళ్ళు. దానికన్నా షింగిల్ స్ప్రింగ్స్ దగ్గర పాండరోసా రోడ్ ఎగ్జిట్ తీసుకుని, నార్త్ షింగిల్ రోడ్, గ్రీన్ వ్యాలీ, లోటస్ రోడ్ మీదుగా వెళ్ళడం నయం. ప్లేసర్‌విల్‌లో 50 మీదే ట్రాఫిక్ లైట్లు ఉంటాయి, వాటిని తప్పించుకోవచ్చు. ఎప్పుడైనా అక్టోబర్‌లో పెట్టుకుంటే ఈ దారి తప్పనిసరి: యాపిల్ హిల్ తోటలకి వెళ్ళే జనంతో శని ఆదివారాల్లో 50 కిక్కిరిసిపోతుంది. లోయలోకి దిగాక ఫోన్ సిగ్నల్ నమ్మకండి, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

పార్కింగ్ రుసుము కారుకి ఇంత అని ఉంటుంది, మనుషుల్ని లెక్కపెట్టరు. ఊళ్ళోని పబ్లిక్ లైబ్రరీలో స్టేట్ పార్క్స్ పాస్ పుస్తకంలాగే అరువిస్తారు. దొరికితే ఆ రుసుమూ ఉండదు. పాస్‌లు తక్కువ, హోల్డ్ పెట్టేవాళ్ళు ఎక్కువ, కాబట్టి ఇప్పుడే పెట్టండి. ఏ పార్కుల్లో చెల్లుతుందో జాబితా చూసుకుని బయల్దేరండి.

ఇక వరస. చాలామంది కారు దిగగానే నది వైపు పరుగెత్తి, బంగారం కథ మొదలైన రంపపు మిల్లు దగ్గర ఫోటో దిగి, ఇంతేనా అని తిరిగొస్తారు. ముందు మ్యూజియంకి వెళ్ళండి, ముప్పావుగంట చాలు. అక్కడి మూలవాసులైన నిసెనాన్ ప్రజల కల్లుమా గ్రామం గురించి అక్కడే తెలుస్తుంది. ఊరి పేరు ఆ గ్రామం నుంచే వచ్చింది. వాళ్ళు సింధూర (ఓక్) చెట్ల కాయల్ని దంచిన బండ, అందులో రోలు గుంటలు బయట చూడొచ్చు. ప్రాజెక్టులో పిల్లలు సాధారణంగా వదిలేసే భాగం ఇదే. కాలిఫోర్నియా మూలవాసుల జనాభా 1848లో సుమారు లక్షన్నర అని అంచనా, 1870 నాటికి 30 వేలకి పడిపోయింది. రోగాలు, ఆకలి, హత్యలు అన్నీ కారణాలే. బంగారం కథ చెబుతూ ఈ అంకె చెప్పకపోతే అది సగం కథే.

తర్వాత హైవే దాటి మిల్లుకి వెళ్ళండి. ఆ రోడ్డు మీద కార్లు వేగంగానే వస్తాయి, పిల్లాడి చెయ్యి పట్టుకోండి. అక్కడ కనిపించే మిల్లు నమూనా మాత్రమే, అది కూడా అసలు చోట లేదు. అసలు మిల్లు కొన్నేళ్ళకే శిథిలమైంది, దాని చోటు నది ఒడ్డున వేరే ఉంది. అక్కడిదాకా బాట చదునుగానే ఉంటుంది, అత్తయ్యగారు మెల్లగా రాగలరు. చాలామంది వదిలేసేదీ, మీరు వదలకూడనిదీ ఈ నడకే.

ఎందుకంటే 1848 జనవరి 24న మిల్లు కట్టిస్తున్న జేమ్స్ మార్షల్‌కి బంగారం మిల్లులో దొరకలేదు, టెయిల్‌రేస్‌లో దొరికింది. అంటే చక్రాన్ని తిప్పాక నీళ్ళు తిరిగి నదిలోకి పోయే కాలువ. ఆ కాలువ లోతు చాలక నీళ్ళు వెనక్కి తన్ని చక్రానికి అడ్డం పడుతున్నాయి. పగలు కూలీలు తవ్వడం, రాత్రి గేటు ఎత్తి నీళ్ళు వదిలి ఆ మట్టిని కొట్టుకుపోనివ్వడం, పొద్దున గేటు మూసి ఎంత తెగిందో చూడటం. ఇదీ రోజూ పని. అంటే తెలియకుండానే పెద్ద స్లూయిస్ (నీళ్ళు పారించి బంగారం వేరుచేసే తొట్టి) కట్టినట్టయింది: తేలికైన మట్టి, ఇసుక పోయాయి, బరువైనది అడుగు రాతి మీద మిగిలింది. పొద్దున చూడటానికి వెళ్ళిన మార్షల్‌కి కనిపించింది అదే. కాలువ మొదటే సరిపడా లోతుగా ఉండుంటే ఆ చలికాలంలో ఎవరికీ ఏమీ కనిపించేది కాదేమో. మీవాడికి అక్కడ నిలబెట్టి ఇది చెప్పండి, తర్వాత పాన్ (బంగారం గాలించే పళ్ళెం) పట్టుకున్నప్పుడు తను చేస్తున్న పని ఏమిటో వాడికే అర్థమవుతుంది.

తేదీ ఇంత కచ్చితంగా ఎలా తెలుసని టీచర్ అడిగితే: మిల్లు పనిలో ఉన్న హెన్రీ బిగ్లర్ ఆ రోజు డైరీలో రాసుకున్నాడు. కూలీల్లో చాలామంది మోర్మన్ బెటాలియన్ (మోర్మన్ మతస్థుల సైనిక దళం) నుంచి వచ్చినవాళ్ళు. దొరికిన ముక్కని వంటమనిషి జెన్నీ విమ్మర్ సబ్బు కాచే గాబులో, క్షారంలో వేసి చూసింది, రంగు మారలేదు. ఆ ముక్క ఇప్పుడు బర్క్‌లీలోని బ్యాంక్రాఫ్ట్ లైబ్రరీలో ఉంది. అయితే మొదటి ముక్క అని వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్‌లో ఇంకొకటి ఉంది, చిన్న రేకు. దాన్ని 1848లో వాషింగ్టన్‌కి పంపింది కెప్టెన్ జోసెఫ్ ఫోల్సమ్. ఇప్పుడు ఏ ఇంటి పక్కన చూసినా తెలుగువాళ్ళున్న మా ఊరికి ఆయన పేరే.

బయట ఉన్న గనుల ప్రదర్శన దగ్గర కూడా కాసేపు ఆగండి. ముడి రాయిని దంచి పొడి చేసే స్టాంప్ మిల్, గాడిద చుట్టూ తిరుగుతూ బండరాళ్ళని ఈడ్చే రాతి గుండం, కొండల్ని నీళ్ళతో కొట్టి కూల్చిన మానిటర్ అనే ఇనుప ఫిరంగి. మామయ్యగారికి స్టాంప్ మిల్ చూడగానే తెలిసిపోతుంది, వివరించక్కర్లేదు.

చైనీయుల దుకాణాలు రెండు, మాన్ లీ, వా హాప్. రాతి కట్టడాలు కాబట్టి నిలిచాయి. అక్కడ చెప్పాల్సిన అంకె ఒకటుంది: 1850లో విదేశీ గనివాళ్ళ మీద నెలకి 20 డాలర్ల పన్ను వేశారు. అది రద్దయ్యాక 1852లో 3 డాలర్లతో మళ్ళీ తెచ్చారు, ఆ రెండోది ఎక్కువగా చైనీయుల నుంచే వసూలు చేశారు.

అలాగే మన్రో కుటుంబం కథ. నాన్సీ గూచ్ బానిసగా కొలోమాకి వచ్చింది. 1850లో కాలిఫోర్నియా బానిసత్వం లేని రాష్ట్రమయ్యాక స్వేచ్ఛ దక్కింది. బట్టలుతికి, వంటలు చేసి డబ్బు కూడబెట్టి, మిస్సోరిలో ఉండిపోయిన కొడుకు ఆండ్రూ మన్రోని, కోడల్ని, మనవల్ని 1870లో రప్పించుకుంది. వాళ్ళు పండ్లతోటలు పెంచారు, బంగారం దొరికిన చోటు కూడా తర్వాత ఆ కుటుంబం భూమిలోకే వచ్చింది. నాలుగో తరగతి ప్రాజెక్టుకి మార్షల్ కన్నా ఈమె మంచి అంశం. మార్షల్ మీద క్లాసులో కనీసం పదిమంది రాస్తారు.

చివరగా మార్షల్ విగ్రహం. నడిచి ఎక్కొద్దు, కార్లో వెళ్ళండి. స్టేట్ రూట్ 153 అని అర మైలు రోడ్డు, పైన పార్కింగ్ ఉంది. ఆయన 1885లో పక్కనున్న కెల్సీలో బీదవాడిగానే పోయాడు. 1890లో రాష్ట్రం సమాధి మీద విగ్రహం నిలబెట్టింది. చేత్తో కింద నది వైపు, బంగారం దొరికిన చోటుకి చూపిస్తుంటాడు. ముందు కింద ఆ చోటు చూసొస్తే ఆ వేలు ఎటు చూపుతోందో తెలుస్తుంది, అందుకే దీన్ని చివర పెట్టమన్నాను.

భోజనం: ఊళ్ళో దొరికేది తక్కువ, అదీ సీజన్‌ని బట్టి. పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్ళండి, చెట్ల కింద బల్లలున్నాయి. ఏమైనా మర్చిపోతే ఫోల్సమ్‌లో ఇండియన్ సరుకుల కొట్లున్నాయి, దారిలోనే. ఏప్రిల్ వారపు రోజుల్లో బడి పిల్లల బస్సులు బారులు తీరుతాయి, శని ఆదివారాల్లో వెళ్ళండి. జులై, ఆగస్టుల్లో అయితే ఎండ 38 డిగ్రీలు దాటుతుంది, పెద్దవాళ్ళతో ఆ ఆలోచనే వద్దు.

---

గులకరాయి

బంగారం గాలించడం గురించి నేను చెబుతాను. రెండూ ఉన్నాయి. బెకార్ట్ తుపాకుల దుకాణం అని పాత కట్టడం దగ్గర డబ్బు తీసుకుని తొట్లలో నేర్పిస్తారు, అందులో బంగారం వేసే ఉంచుతారు. దాన్ని తంతు అని కొట్టిపారేయకండి. ఒక అరగంట అక్కడ చెయ్యి తిరిగితే నదిలో సమయం వృథా కాదు, పిల్లాడికి ఏదో ఒక రేకు ఖాయంగా దక్కుతుంది. నదిలో గాలించేది ఉచితం. కానీ పార్కులో ఎక్కడపడితే అక్కడ కాదు, మౌంట్ మర్ఫీ వంతెన అవతలి ఒడ్డున కేటాయించిన చోట మాత్రమే. మ్యూజియంలో అడిగి ఆ రోజు పరిస్థితి తెలుసుకుని వెళ్ళండి. ఆ వంతెన 1915 నాటిది, ఒకే వరుస, ఎదురుగా కారు వస్తే ఆగాలి.

నియమం: చేతులు, పాన్, అంతే. పార, తాపీ, స్లూయిస్, జల్లెడ ఏవీ కుదరవు. ఆన్‌లైన్‌లో అమ్మే కిట్‌లో ఇవన్నీ ఉంటాయి, వాటిని ఇంట్లోనే వదిలెయ్యండి. బురద నీరు 20 అడుగులు దాటి కనిపించకూడదు. ఒడ్డు తవ్వి గుంటలు చెయ్యకూడదు.

కొనాల్సింది 14 అంగుళాల ప్లాస్టిక్ పాన్, ఆకుపచ్చది. ఆ రంగు మీద నల్ల ఇసుకా, బంగారమూ రెండూ స్పష్టంగా కనిపిస్తాయి. ఒక పక్క గాడులుండాలి. పిల్లాడికి 10 అంగుళాలది, లేకపోతే నీళ్ళతో నిండిన బరువుకి రెండో పాన్‌కే చేతులు పడిపోతాయి. పీల్చే సీసా ఒకటి, చిన్న గాజు సీసా ఒకటి, ఒక అయస్కాంతం, కూర్చోడానికి ముక్కాలి పీట. కొత్త పాన్‌కి అచ్చు నూనె అంటుకుని ఉంటుంది. గిన్నెలు తోమే సబ్బుతో రెండుసార్లు పీచుపెట్టి రుద్దండి. ఆ నూనె ఉన్నా, చేతులకి సన్‌స్క్రీన్ ఉన్నా సన్నటి బంగారం నీటి మీద తేలి అలాగే పోతుంది. 19 రెట్లు బరువున్న లోహం తేలడమేమిటంటారేమో. రేకు పల్చగా ఉండి, తడవకపోతే నీటి పైపొర దాన్ని మోస్తుంది. తేలుతూ కనిపిస్తే వేలితో ముంచండి.

ఎక్కడ తీసుకోవాలి: నీటి వేగం తగ్గే చోట. వంపు లోపలి ఒడ్డు, పెద్ద బండ వెనక కింది వైపు, రాతి నెర్రెల్లో ఇరుక్కున్న ఇసుక, బండల మీద నాచు వేళ్ళ మధ్య మట్టి. పైపైన మెత్తగా పరుచుకున్న ఇసుక అందంగా ఉంటుంది, అందులో ఏమీ ఉండదు. గులకరాళ్ళూ, బరువైన నల్ల ఇసుకా కలిసి గట్టిగా బిగిసిన చోట చేత్తో గీరి తీయండి.

పాన్‌లో ముప్పాతిక దాకా వేసి నీళ్ళలో పూర్తిగా ముంచండి. మొదటి పని బంకమన్ను చిదపడం. ఉండలు ఉండలుగా ఉంటే చేత్తో పిసికి కరిగించాలి, బంగారం ఆ ఉండలకి అంటుకుని రాళ్ళతోపాటు బయటికి పోతుంది. చాలామందికి ఏమీ దొరక్కపోవడానికి కారణం ఇదే. పెద్ద రాళ్ళని పాన్‌లోనే కడిగి బయట పడెయ్యండి. తర్వాత పాన్‌ని నీళ్ళలోనే ఉంచి, మట్టసంగా పట్టుకుని, పక్కలకి గట్టిగా కుదపండి, 15 నుంచి 20 సెకన్లు. బరువైనవి అడుక్కి దిగాలంటే లోపలున్నదంతా కదలాలి, పైపైన ఊపితే లాభం లేదు. ఇప్పుడు గాడులున్న వైపు అవతలికి ఉండేలా వంచి, నీళ్ళలో ముంచుతూ లేపుతూ పై పొరని పోనివ్వండి. నాలుగైదు ముంపులకోసారి మళ్ళీ మట్టసంగా తెచ్చి కుదపాలి. ఈ కుదపడం మానేసి ఒకటే ముంచడం రెండో పెద్ద తప్పు. మొదట్లోనే ఎక్కువ వంచడం మూడోది.

బియ్యంలో రాళ్ళు గాలించిన చెయ్యి కాబట్టి ఈ పని అత్తయ్యగారికి అందరికన్నా ముందు పట్టుబడుతుంది. తేడా ఒక్కటే, అక్కడ పైకి పోయేది మనది, ఇక్కడ అడుగున మిగిలేది మనది. ఒడ్డున పీట వేసి తొట్టిలో నీళ్ళు పోసిచ్చినా చేసుకోగలరు.

చివరికి ఒక చెంచాడు నల్ల ఇసుక మిగులుతుంది. అది కనిపిస్తే సరైన దారిలో ఉన్నట్టు. నల్ల ఇసుకే లేదంటే దాంతోపాటు బంగారం కూడా కడిగేసినట్టు. కొద్దిగా నీళ్ళు, రెండు చెంచాలంత, ఉంచి పాన్‌ని గుండ్రంగా నెమ్మదిగా తిప్పండి. నల్ల ఇసుక తోకలా సాగుతుంది, పసుపు రేకులు వెనకబడతాయి. పీల్చే సీసాతో తీసుకోండి. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఇసుక పైన తిప్పితే మాగ్నటైట్ అనే నల్ల ఇనుప ఖనిజం అంటుకుంటుంది, కవరు తిరగేస్తే రాలిపోతుంది. తడి మీద చేస్తే ఇసుక గుత్తులుగా లేచి రేకుల్ని కూడా లాక్కుపోతుంది, నీడలో ఆరనిచ్చి చేయడం మంచిది. పొయ్యి మీద పెట్టి ఆరబెట్టొద్దు, కారణం కింద చెబుతాను.

మెరిసేదల్లా బంగారం కాదని పిల్లాడికి ఎలా తేల్చాలి? చేత్తో నీడ చెయ్యండి. అభ్రకం ఎండలోనే తళుక్కుమంటుంది, నీడలో ఆరిపోతుంది. బంగారం నీడలోనూ అదే పసుపు. ఇంకా అనుమానముంటే సూదితో నొక్కండి. బంగారం వంగుతుంది, పైరైట్ (బంగారంలా మెరిసే ఖనిజం) పొడి అయిపోతుంది. అభ్రకం పొరలుగా విడిపోతుంది, పైగా పాన్‌లో అన్నిటికన్నా పైన తిరుగుతుంటుంది.

పొయ్యి ఎందుకు వద్దంటే, పాదరసం. గోల్డ్ రష్‌లో స్లూయిసుల్లో సన్న బంగారాన్ని పట్టడానికి పాదరసం పోసేవాళ్ళు, చాలా భాగం నదుల్లోకి పోయింది, ఇప్పటికీ అడుగున ఉంది. ఆ పాదరసం ఎక్కువగా వచ్చింది మీ దగ్గర్లోని శాన్ హోజే పక్కనున్న న్యూ అల్మాడెన్ గనుల నుంచే. పాన్‌లో వెండి బొట్టు కనిపించినా, రేకు వెండి రంగులో ఉన్నా చేత్తో ముట్టొద్దు, వేడి చెయ్యొద్దు, మూత బిగించిన సీసాలో వేసి పక్కన పెట్టండి. వేడి చేస్తే ఆవిరి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

దొరికేదెంత? కొత్తవాళ్ళకి ఒక పూటంతా గాలిస్తే గసగసాల కన్నా చిన్న రేకులు రెండో మూడో దొరకొచ్చు, ఏమీ దొరక్కపోవచ్చు కూడా. మీ పాన్ పని సరిగ్గా ఉందో లేదో ఇంట్లోనే చూసుకోండి: టబ్బులో ఇసుక, గులకరాళ్ళు కలిపి, చేపల గాలానికి కట్టే చిన్న టంగ్‌స్టన్ గుళ్ళు ఐదు వేసి గాలించండి. ఐదూ మిగిలితే నదికి వెళ్ళండి. సీసపు గుళ్ళు చౌకే గానీ పిల్లాడి చేతికివ్వకండి.

---

సోనోరా దారి

పైన చెప్పినవన్నీ సరే, కానీ కొలోమాకి వెళ్ళి "ఊరేదీ?" అని అడిగేవాళ్ళు చాలామంది. చెట్ల మధ్య విడివిడిగా కొన్ని కట్టడాలు, మొండిగోడలు, జైలు శిథిలం, రెండు చర్చిలు. బంగారం తరిగాక జనం వెళ్ళిపోయారు, ఊరు తోటలైపోయింది. గోల్డ్ రష్ పట్నం ఎలా ఉండేదో చూడాలంటే కొలంబియానే. 1850 మార్చిలో హిల్డ్రెత్ సోదరుల బృందానికి అక్కడ బంగారం దొరికింది, 1945 నుంచి స్టేట్ పార్కు. ప్రవేశం ఉచితం. మెయిన్ స్ట్రీట్‌లోకి కార్లు రానివ్వరు, బాటంతా చదును, అడుగడుక్కీ బెంచీలు. అత్తయ్యగారికి కొలోమా కన్నా హాయి.

ఇటుక గోడలు, ఇనుప తలుపులు చూసి ముచ్చటపడతారు గానీ వాటి వెనక కథ నిప్పు. చెక్క ఊరు 1854లో ఒకసారి, 1857లో మరోసారి తగలబడింది, అందుకే ఇటుక. ఊరి అంచున తెల్లటి పాలరాతి బండలు మొనదేలి లేచి ఉంటాయి. అవి శిల్పాలు కావు, ఎవరూ నిలబెట్టలేదు. వాటి మధ్య మట్టినంతా గనివాళ్ళు కడిగేశారు, ఒకప్పటి నేల ఆ బండల తలల ఎత్తున ఉండేది. పిల్లలు ఎక్కి ఆడతారు, చెప్పకపోతే ఎవరికీ తెలియదు.

కొలంబియా ఇబ్బంది నీళ్ళు. బంగారముంది, కడగడానికి నీళ్ళు లేవు. అందుకే 1851లోనే కాలువల కంపెనీ పెట్టారు, నీళ్ళు అమ్మేవాళ్ళకీ గనివాళ్ళకీ ఏళ్ళ తరబడి గొడవలు. రాయలసీమ ఇంటికి ఇది వేరే చెప్పాలా! అక్కడ గాలింపు కూడా కొట్టు దగ్గర తొట్లలోనే, నది లేదు.

యోసమిటీకి వెళ్ళే ఆలోచనుంటే కొలంబియాని ఆ ప్రయాణంలో కలిపేయండి. సోనోరా పట్నం నుంచి నాలుగు మైళ్ళే. ఈ ఒక్కరోజుకి కొలోమా ఉంచుకోండి. అలా ఇద్దరి మాటా నిలబడుతుంది.

---

కుప్పం కోడలు

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. యోసమిటీ మే నెలలో ఉంది, కొలంబియా అప్పుడు పెడతాం. రెండు సందేహాలు. ఏప్రిల్‌లో నదిలో పిల్లాడు దిగొచ్చా? మామయ్యగారు "గని ఏదీ, షాఫ్ట్ (గనిలోకి దిగే బావి) ఏదీ?" అని అడుగుతున్నారు, కొలోమాలో అలాంటిదేమైనా ఉందా?

---

నీటిమట్టం

దిగకూడదు. ఒడ్డున మడమ లోతులో కూర్చుని గాలించడం వరకే. అది సౌత్ ఫోర్క్ అమెరికన్ నది, వసంతంలో సియెర్రా మంచు కరిగిన నీళ్ళు, చల్లదనానికి నిమిషాల్లో కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. అంతకన్నా ముఖ్యం, ఎగువన చిలీ బార్ ఆనకట్ట ఉంది. విద్యుత్తుకీ, రాఫ్టింగ్‌కీ అక్కణ్ణుంచి నీళ్ళు వదులుతారు. ఆకాశంలో మబ్బు లేకపోయినా మట్టం పెరుగుతుంది. పొద్దున నడిచి వెళ్ళిన ఇసుక తిన్నె చుట్టూ మధ్యాహ్నానికి నీళ్ళు తిరుగుతాయి. వెళ్ళగానే నీటి అంచున ఒక రాయిని గుర్తు పెట్టుకోండి. అది మునుగుతోందంటే సామాను తీసుకుని వెనక్కి జరగండి. రబ్బరు పడవలు వరసగా రావడం మొదలైనా అదే సంకేతం. పిల్లాడికి లైఫ్ జాకెట్ ఒడ్డున కూడా ఉండాలి, నాచు బండల మీద జారితే ప్రవాహం లాక్కుపోతుంది. మోకాలి దాకా రబ్బరు బూట్లు మంచివే గానీ వాటితో లోతుకి వెళ్తే నీళ్ళు నిండి కాలు లేవదు.

విడి దుస్తులు, తువ్వాలు కార్లో ఉంచండి. ఒడ్డున పొదల్లో మూడేసి ఆకులతో మెరిసేది పాయిజన్ ఓక్, తగిలితే రోజుల తరబడి దురద. ఎండ ఎక్కాక రాళ్ళ సందుల్లో చెయ్యి పెట్టేముందు చూడాలి, రాటిల్ స్నేక్‌లు ఏప్రిల్‌కే బయటికొస్తాయి.

---

మారికుప్పం

మామయ్యగారి ప్రశ్నకి: కొలోమాలో షాఫ్ట్ లేదు. అక్కడిది నది ఇసుకలో దొరికిన బంగారం, కేజీఎఫ్‌ది రాతిలో ఉన్న బంగారం. ఆయన చూడాల్సింది గ్రాస్ వ్యాలీలోని ఎంపైర్ మైన్. అదీ స్టేట్ పార్కే. 1850 నుంచి 1956 దాకా నడిచింది, సుమారు 58 లక్షల ఔన్సుల బంగారం తీశారు, సొరంగాల మొత్తం పొడవు 367 మైళ్ళు. వాలు షాఫ్ట్ నోటి దగ్గర నిలబడి కిందికి చూడొచ్చు. వాలు వెంబడి 11,007 అడుగులు, నిలువుగా లెక్కేస్తే దాదాపు మైలు. కేజీఎఫ్‌లోని ఛాంపియన్ రీఫ్ గనిలో 3 కిలోమీటర్లు దాటి నిలువునా దిగిన మనిషికి ఇది చిన్నదే, ఆ మాట ఆయనే అంటారు చూడండి. అక్కడ ఒక గదిలో సొరంగాలన్నిటి నమూనా ఉంది, తీగలతో, రంగులతో. కంపెనీ ఉన్నన్నాళ్ళూ దాన్ని రహస్యంగా ఉంచింది, రాతిలో ఏ బంగారు సిర ఎటు పోతోందో పక్క గనివాళ్ళకి తెలియకూడదని. షాఫ్ట్ కన్నా ఆ గదిలోనే ఆయన ఎక్కువసేపు ఉంటారు.

కేజీఎఫ్‌తో ఇంకో చుట్టరికం కూడా ఉంది. గ్రాస్ వ్యాలీలో లోతు గనుల పని చేసినవాళ్ళలో ఎక్కువమంది ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి వచ్చినవాళ్ళు. కేజీఎఫ్ గనులు నడిపిన జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ కోలార్‌కి తీసుకొచ్చినవాళ్ళలోనూ వాళ్ళున్నారు. గనుల్లో నీళ్ళు తోడే పద్ధతులు, స్టాంప్ మిల్ అమరిక, మేస్త్రీల పనితీరు చాలావరకు వాళ్ళవే. ఆయనకి అక్కడి ఫోటోల్లో పనిముట్లు కొన్ని పరిచయంగా తోస్తే ఆశ్చర్యం లేదు.

కొలోమా నుంచి 49 నార్త్, ఆబర్న్ మీదుగా గంట పైనే. ఆబర్న్ దగ్గర నది లోయలోకి దిగి ఎక్కే మలుపులు గట్టివి. ఒకే రోజు రెండూ కావాలంటే ఉదయం 10 కల్లా కొలోమాలో ఉండి, మధ్యాహ్నం ఒంటిగంటకి లేవాలి, గాలించడం వదులుకోవాలి. అలా చెయ్యకండి. మామయ్యగారు ఇక్కడ కొన్నాళ్ళు ఉంటారు కదా, ఎంపైర్‌ని వేరే శనివారం పెట్టండి. ఆ రోజు 80 మీదుగా ఆబర్న్, అక్కణ్ణుంచి 49 నార్త్ వెళ్తే కొలోమా మలుపులు తగలవు.

---

ఫోల్సమ్ వాసి

ఒక్క సవరణ. విగ్రహం చివరే, కానీ ఏప్రిల్‌లో మధ్యాహ్నం ఒడ్డున నీళ్ళు పెరిగే అవకాశముంది కాబట్టి గాలింపు ఉదయమే పెట్టుకోండి: మ్యూజియం, మిల్లు చోటు, గాలింపు, భోజనం, తర్వాత చైనీయుల దుకాణాలు, గనుల ప్రదర్శన, విగ్రహం. మ్యూజియం తలుపులు సాయంత్రం నాలుగైదుకల్లా మూస్తారు, ప్రాజెక్టుకి కావలసిన ఫోటోలు ఉదయమే తీసేసుకోండి. తిరుగు దారిలో కూడా లోటస్ రోడ్ మీదే రండి. 50లో కలిసేసరికి ఆరు దాటితే శాక్రమెంటో దగ్గర రద్దీ తగ్గుతుంది.